పండబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి: మా నాయిన లో బీపీతో మా అనుభవం

మా నాయినకు డెబ్బై నాలుగేండ్లు. మునుగోడు దిక్కు మా ఊరు. ఇంత బత్తాయి తోట, ఇంత పత్తి చేను. బీపీ ఎక్కువని, షుగర్ ఉందని ఏండ్ల సంది గోళీలు మింగుతున్న మనిషి. అట్లాంటాయనకు లో బీపీ అని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా అమ్మ నమ్మలేదు. "హై బీపీ ఉన్నోళ్లకు లో బీపీ ఎట్ల వస్తది మేడం?" అని అక్కడనే అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు తెలియకనే మన పల్లెల్లో ఎంతమంది పెద్దోళ్లు పొద్దున్నే మంచం దిగి పడిపోతున్నారో, తుంటి ఎముక విరిగి మళ్లీ ఆ మంచానికే అంటుకుపోతున్నారో అనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో జరిగింది మొత్తం రాస్తున్నా.

పోయిన ఎండాకాలం మొదట్లో నాయిన లేవంగనే గోడ పట్టుకోవడం అమ్మ కంట్లో పడింది. నాలుగడుగులు వేసి ఆగుతాడు, కండ్లు మూసుకుంటాడు, మళ్లీ నడుస్తాడు. అడిగితే "కండ్లకు చీకట్లు కమ్ముతున్నయ్, ఏం కాదు, జెరసేపట్ల పోతది" అనేవాడు. నిజంగానే పోయేది. కూర్చుంటే పోయేది, పండుకుంటే ఇంకా తొందరగా పోయేది. మెడ వెనకాల, రెండు భుజాల మీద నొప్పి అని కూడా అనేవాడు. మాది భూమి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ప్రాంతం. నడుము వంగకపోవడం, మెడ తిరగకపోవడం, కీళ్లు పట్టేయడం మా దిక్కు పాత తరంలో చాలామందికి ఉన్నదే కాబట్టి ఆ మెడ నొప్పిని ఎవరూ వేరేగా చూడలేదు. నిలబడితేనే వస్తుంది, పండుకుంటే తగ్గుతుంది అన్న సంగతి తర్వాత డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. నిలబడ్డప్పుడు మెడ, భుజాల కండరాలకు రక్తం చాలక వచ్చే నొప్పి అంట అది.

పగటి బువ్వ తిన్నాక ఇంకో రకం. నిండా అన్నం తిని, అరుగు మీద కునుకు తీసి లేస్తే కాళ్లు తూలేవి. ఒక రాత్రి మూత్రానికని లేచి బాత్రూం గడప దగ్గర పడిపోయాడు. పెదవి చీలింది. సోయి తప్పిందా అంటే ఆయనకే తెలియదు. "పడ్డది ఎరుకనే, ఎట్ల పడ్డనో ఎరుక లేదు" అన్నాడు. నేను ఉండేది నల్లగొండలో. గడియారం సెంటర్ దగ్గర మాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. అమ్మ ఫోన్ చేసేటప్పటికే ఊర్లో ఆర్ఎంపీ వచ్చి గ్లూకోజు సీసా ఎక్కించి పోయిండని చెప్పింది. బీపీ చూశాడంట, 130 మీద 80, నార్మలే ఉందన్నాడంట. "ఎండకు నీరసం, సత్తువ తగ్గింది" అని బలం సూది కూడా వేశాడు.

ఆ సీసా ఎక్కించిన మరునాడు నాయినకు నిజంగానే బాగుండింది. అందుకే మన దగ్గర సీసా మీద అంత నమ్మకం. రక్తనాళాల్లోకి నేరుగా నీళ్లు, ఉప్పు పోతే ఆ పూటకు ప్రెషర్ నిలబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అదంతా మూత్రంలో పోతుంది, కథ మళ్లీ మొదటికి వస్తుంది. గుండె బలహీనంగా ఉన్న పెద్దోళ్లకు, కిడ్నీలు సరిగా పనిచేయనోళ్లకు అట్లా సీసాల మీద సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఊర్లో మాత్రం తలా ఒక మాట. ఒకరు ఉప్పు ఎక్కువ వేసుకొమ్మన్నారు, ఒకరు బత్తాయి రసం తాగమన్నారు, ఇంకొకరు అసలు బీపీ గోళీలే బంద్ పెట్టమన్నారు.

నేను నాయినను నల్లగొండకు తీసుకొచ్చి ఒక ఫిజీషియన్ దగ్గర చూపించాను. వచ్చేటప్పుడు "ఇంట్ల ఉన్న గోళీలన్నీ, చీటీలన్నీ సంచిల వేసుకొని రా అమ్మా" అని చెప్పి ఉంచాను. ఆ ఒక్క సంచి మాకు ఎంత పనికొచ్చిందో ముందు ముందు చెప్తా.

డాక్టరమ్మ మొదట కూర్చోబెట్టి బీపీ చూడలేదు. "పెద్దయ్యా, జెర ఆ బల్ల మీద అయిదు నిమిషాలు పండుకోండి, మాట్లాడకండి" అన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే 152 మీద 84, నాడి 74. తర్వాత లేపి నిలబెట్టారు. పక్కన నర్సును ఉంచారు. ఒక నిమిషానికి 118 మీద 70. మూడో నిమిషానికి 110 మీద 66, నాడి 80. అప్పటికే నాయిన "బిడ్డా, చీకట్లు వస్తున్నయ్" అని నా భుజం పట్టుకున్నాడు. వెంటనే కూర్చోబెట్టారు.

పండుకున్నప్పటికీ నిలబడ్డప్పటికీ మధ్య, మూడు నిమిషాల లోపల పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే దాన్ని లేచినప్పుడు వచ్చే లో బీపీ అంటారంట. నాయినకు పై అంకె 42 పడింది. కూర్చోబెట్టి మాత్రమే చూస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడకపోవచ్చు. ఆర్ఎంపీ చూసిన 130 అబద్ధం కాదు, అది కూర్చున్న మనిషి బీపీ. మా నాయిన పడేది లేచినప్పుడు.

అమ్మ ప్రశ్నకు డాక్టరమ్మ ఓపికగా జవాబు చెప్పారు. మనం లేచి నిలబడంగనే అరలీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లల్లోకి, కడుపులోకి జారుతుంది. మెడలోని రక్తనాళాల్లో, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళంలో ప్రెషర్‌ను కనిపెట్టే నరాలు ఉంటాయి. అవి మెదడుకు కబురు పెడితే, మెదడు క్షణాల్లో కాళ్ల రక్తనాళాలను బిగించి, గుండెను కొంచెం వేగంగా కొట్టిస్తుంది. వయసు మీద పడ్డాక ఈ కబురు ఆలస్యమవుతుంది. చాలా ఏండ్ల షుగర్ ఉంటే ఆ నరాలే దెబ్బతింటాయి. అంత ప్రెషర్ పడ్డా నాయిన నాడి ఆరు మాత్రమే పెరిగింది, అదే దానికి గుర్తు అన్నారు. అంటే పండుకుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ. ఒక్క మనిషిలోనే రెండూ. మా బాయి మోటరు లెక్కనే అనిపించింది నాకు: కింది మడికి నీళ్లు ధారగా పోతాయి, మిట్ట మీది మడికి ఎక్కవు.

ఇక సంచి. డాక్టరమ్మ గోళీలన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటీ పక్కకు పెట్టుకుంటూ పోయారు. బీపీకి టెల్మిసార్టాన్, అందులోనే కలిపి ఉన్న నీటి మందు హైడ్రోక్లోరోథయాజైడ్. షుగర్‌కు మెట్‌ఫార్మిన్. మూత్రం సాఫీగా రావడానికి హైదరాబాద్‌లో ప్రోస్టేట్ డాక్టర్ ఇచ్చిన టామ్సులోసిన్. అరికాళ్ల మంటలకు, నిద్రకు ఇంకో చోట ఇచ్చిన అమిట్రిప్టిలిన్. కీళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి గోళీలు. ఒక్కో డాక్టర్ ఒక్కో జబ్బుకు ఇచ్చారు, ఎవరి మందు వాళ్ల లెక్కన సరైనదే. కానీ నీటి మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, టామ్సులోసిన్ రక్తనాళాలను కొంత వదులు చేస్తుంది, అమిట్రిప్టిలిన్ లేచినప్పుడు ప్రెషర్‌ను పడేస్తుంది. ఈ మూడూ ఒక్క ముసలి మనిషి ఒంట్లో కలిశాయి. పైన నల్లగొండ ఎండ, 44, 45 డిగ్రీలు. ఎండకు చర్మం కింది రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చెమటలో నీరూ ఉప్పూ పోతాయి. నాలుగు దిక్కుల నుంచి ఒకేసారి లాగినట్టయింది.

రక్త పరీక్షలు, ఈసీజీ చేయించారు. ఈసీజీ బాగానే ఉంది. సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, 130 ఉంది, ఉండాల్సింది 135 నుంచి 145. ముసలోళ్లలో ఆ నీటి మందు సోడియం తగ్గిస్తుందని అప్పుడే తెలిసింది. విటమిన్ బీ12 కూడా తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలేనంట, అది తగ్గితే నరాలు ఇంకా దెబ్బతింటాయి. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ హద్దు దాటలేదు గానీ అంచు మీద ఉంది. నొప్పి గోళీలు వెంటనే మానమని గట్టిగా చెప్పారు. అవి కిడ్నీని దెబ్బతీస్తాయి, కడుపులో పుండు చేసి తెలియకుండా రక్తం పోయేట్టు చేస్తాయి. అట్లా రక్తం పోయినా లేవంగనే కండ్లు తిరుగుతాయి. "మలం నల్లగా, తారు రంగులో వస్తుందా?" అని నాయినను రెండు సార్లు అడిగారు. మా ప్రాంతంలో నొప్పి గోళీలు మింగని ముసలోళ్లు తక్కువ, అందుకే ఈ ముక్క అందరూ గుర్తుపెట్టుకోవాలి.

అమ్మకు మిగిలిన అనుమానం ఒకటే: "అయితే బీపీ గోళీ మొత్తం బంద్ చేద్దామా?" వద్దన్నారు. పండుకున్నప్పుడు 152 ఉన్న మనిషికి మందు మొత్తం ఆపితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. నీటి మందు తీసేసి ఒట్టి టెల్మిసార్టాన్ ఇచ్చారు, అది కూడా పొద్దున కాదు, రాత్రి పండుకునే ముందు. రాత్రి పండుకుంటే ప్రెషర్ ఎక్కువ కాబట్టి అప్పుడు మందు పనిచేయాలి, పగలు నడిచే టైంకు తేలిక కావాలి. అమిట్రిప్టిలిన్ మెల్లమెల్లగా తగ్గించి ఆపించారు. టామ్సులోసిన్ మాత్రం ఆపలేదు, ఆపితే మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రోస్టేట్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, రాత్రి అన్నం తర్వాతే వేయమన్నారు. బీ12 సూదులు రాశారు. ఇవన్నీ మా నాయిన రిపోర్టులు చూసి చేసిన మార్పులు. వేరే వాళ్లకు వేరేగా ఉంటాయి. చదివి ఎవరూ సొంతంగా గోళీలు తీసేయొద్దు, సంచి పట్టుకొని డాక్టర్ దగ్గరికి పొండి.

తర్వాత పని అంతా ఇంట్లోనే. నాకు అసలు ఈ భాగం గురించే ఎక్కువ రాయాలని ఉంది, ఎందుకంటే చీటీలో రెండు లైన్లుగా ఉన్నదాన్ని ఒక రైతు ఇంట్లో, వంగని నడుముతో, నిండు ఎండాకాలంలో చేయించడం వేరే సంగతి.

బీపీ మిషన్ కొన్నాం. చేతికి చుట్టేది, మణికట్టుది కాదు. నాయిన చేతులు సన్నం, పట్టీ సైజు సరిపోయేది చూసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. పొద్దున లేవకముందు పండుకొని ఉండంగనే ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు. అన్నం తిన్న గంటకు ఇంకోసారి. నోటు పుస్తకంలో తేదీ, అంకెలు, పక్కన "చీకట్లు వచ్చినయ్", "ఏం లేదు" అని రాసేది మా అమ్మ. ఒక చిన్న సంగతి మాకు మెడికల్ షాపులో ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మ చూపించారు. నిలబడి కొలిచేటప్పుడు చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, గుండె మట్టం కంటే ఎన్ని అంగుళాలు కిందుంటే అంగుళానికి దాదాపు 2 చొప్పున. అంటే పడిపోయిన ప్రెషర్ కూడా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. అందుకే నాయిన చెయ్యిని ముందుకు చాపించి, గుండె ఎత్తులో అమ్మ తన భుజం మీద ఆనించుకొని పడుతుంది. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు నిలబడి కొలుచుకోవద్దని గట్టిగా చెప్పాం.

లేవడం నేర్పడానికి చాలా ఓపిక కావాల్సి వచ్చింది. డెబ్బై ఏండ్లు దిగ్గున లేచి పొలం పోయిన మనిషి. "నిమ్మలంగా లే నాయినా" అంటే "నేనేమన్న బాలింతనా?" అని కోపానికొచ్చేవాడు. చివరికి వరుస ఇట్లా కుదిరింది. కండ్లు తెరిచాక పండుకొని ఉండంగనే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, పిడికిళ్లు బిగించి వదలడం. పక్కకు ఒత్తిగిలి, మోచేతి ఊతతో లేచి, మంచం అంచున కాళ్లు కిందికి వేసి కూర్చోవడం. ఫ్లోరైడ్ నడుముకు నిటారుగా లేవడం ఎట్లాగూ రాదు, ఈ పక్కకు తిరిగి లేవడం ఆయనకు సులువు కూడా అయింది. అట్లా రెండు నిమిషాలు కూర్చోని, ఒక చెంబు నీళ్లు తాగి, అప్పుడు నిలబడాలి. నిలబడ్డాక అడుగు వేసే ముందు కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి వేసి తొడలు, పిరుదులు బిగపట్టాలి. పిక్కలు బిగిస్తే కాళ్లలో ఆగిన రక్తం పైకి ఎక్కుతుంది. చీకట్లు వస్తున్నట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా ఎక్కడ ఉంటే అక్కడ కూర్చోవాలి. బజార్లో అయినా, గుళ్లో అయినా. ఈ చివరి మాటకు ఆయన ఒప్పుకోవడమే నాకు పెద్ద విజయం అనిపించింది.

నీళ్ల సంగతికి వస్తే మా ఊరి చరిత్ర మొత్తం అడ్డం వస్తుంది. మా నాయిన తరం బోరు నీళ్లంటే భయపడుతూ పెరిగిన తరం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్ మా దిక్కు చాలా బోర్లలో ఎంతో ఎక్కువ ఉండేది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నారు, అంత పేరు మాకు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ తక్కువ తాగే అలవాటు ఒంట్లో ఉండిపోయింది. దానికి తోడు రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాడు. వయసు మీద పడితే దాహం కూడా సరిగా తెలియదు. మొదట సోడియం సరిగా అయ్యేదాకా ఒట్టి నీళ్లు అదేపనిగా తాగొద్దని, సల్ల, పప్పుచారు, అంబలి లాంటివి తీసుకొమ్మని చెప్పారు. తర్వాత రోజు మొత్తంలో ఎంత తాగాలో కూడా ఆమెనే చెప్పారు, గుండె, కిడ్నీ బాగుంటేనే ఆ లెక్క. మేము ఎక్కువ భాగం సాయంత్రం అయిదు లోపల అయిపోయేట్టు చూస్తాం. మంచం దిగే ముందు, అన్నం ముందు ఒక పెద్ద గ్లాసు. నరాలు దెబ్బతిన్నవాళ్లలో అరలీటరు నీళ్లు గబగబా తాగితే కొన్ని నిమిషాల్లోనే ప్రెషర్ పైకి లేస్తుంది, గంట దాకా ఉంటుంది. మందు కాదు, ఖర్చు లేదు. పుస్తకంలోని అంకెల్లో అది మాకు కండ్లారా కనిపించింది.

ఉప్పు గురించి అందరూ అడుగుతారు. లో బీపీ అనంగనే ఉప్పు ఎక్కువ తినమంటారు. మా నాయినకు పండుకుంటే 150 ఉంది కాబట్టి వద్దన్నారు, అట్లని చప్పిడి తిండి కూడా పెట్టొద్దన్నారు. ఎవరికి ఎంత అన్నది పండుకున్న అంకె, కిడ్నీ రిపోర్టు చూసి తేల్చే విషయం. అమ్మ అప్పటిదాకా బీపీకి భయపడి కూరల్లో ఉప్పే వేయకుండా పెట్టేది. ఇప్పుడు మామూలుగా వేస్తుంది, మామిడికాయ తొక్కు మాత్రం కొంచెమే.

పగటి తిండి మార్చాం. ముద్దల ముద్దల అన్నం ఒకేసారి తింటే, అరిగించడానికి రక్తం పేగుల వైపు మళ్లి, రెండు గంటల లోపల ప్రెషర్ పడుతుంది. పెద్దోళ్లలో, షుగర్ ఉన్నోళ్లలో ఇది ఇంకా ఎక్కువ. పుస్తకంలో పగటి అన్నం తర్వాత నిలబడ్డ అంకె 102 కూడా రాసి ఉంది. ఇప్పుడు పగలు ఒక పూటకు బదులు రెండు చిన్న పూటలు: పదకొండింటికి జొన్న గటుక, సల్ల పోసుకొని, రెండింటికి తక్కువ అన్నం, పప్పు, కూర ఎక్కువ. తిన్నాక గంటసేపు అరుగు మీదనే, చేనుకు పోవడం లేదు. వేన్నీళ్ల స్నానం కూడా తిన్నాక వద్దు, అసలు మరీ కాగిన నీళ్లే వద్దు. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి పోస్తున్నాం. పొద్దున చాయ్ మాత్రం ఆపలేదు, అదే ఆయనకు పెద్ద ఊరట.

మంచం తల దిక్కు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. మొత్తం మంచమే ఏటవాలు కావాలి, దిండ్లు పేరిస్తే మెడ వంగుతుంది తప్ప పని జరగదు. తల దిక్కు ఎత్తితే రాత్రి ప్రెషర్ మరీ పెరగదు, కిడ్నీలు రాత్రంతా ఉప్పూ నీరూ బయటికి తోసేయవు, మూత్రానికి లేవడం తగ్గుతుంది, పొద్దున ఒంట్లో నీరు మిగిలి ఉంటుంది. మొదట్లో "జారిపోతున్న" అని గునిసినా, వారం తిరిగేసరికి అలవాటు పడ్డాడు. రాత్రి లేవకుండా మంచం పక్కనే మూత్రం డబ్బా పెట్టాం. దానికి మాత్రం ఒప్పుకోలేదు. పెద్దరికం. అమ్మ తెర కట్టి, డబ్బాను మూత ఉన్న స్టీలు దాంట్లో పెట్టి, తనే పొద్దున తీసి కడుగుతానని చెప్పాక ఒప్పుకున్నాడు. నిలబడి పోయకుండా మంచం అంచున కూర్చొని పోయాలి, రాత్రి మూత్రం పోసేటప్పుడే చాలామంది పడిపోతారు.

కాళ్లకు బిగుతు సాక్సులు కూడా రాశారు, తొడ దాకా వచ్చేవి. మే నెలలో మా ఊర్లో అవి వేసుకొని తిరగడం అయ్యే పని కాదు. జారిపోతాయి, దురద పెడతాయి, వంగని నడుముతో వేసుకోవడమే రాదు. డాక్టరమ్మకు అదే చెప్పాం. కడుపుకు కట్టే బెల్టు వాడమన్నారు. కడుపులో ఆగే రక్తమే ఎక్కువ కాబట్టి బెల్టు ఇంకా బాగా పనిచేస్తుందంట. లేచే ముందు పండుకొని ఉండంగనే కట్టాలి, పండుకునేటప్పుడు తీసేయాలి. ఇది నాయినకు నచ్చింది. ఒకప్పుడు బరువులెత్తే పనికి నడుముకు తువ్వాల బిగించి కట్టేవాళ్లు కదా.

ఇక కల్లు. దాటేసి పోలేను. నాయిన సాయంత్రం తాళ్ల దగ్గరికి పోయి దోస్తులతో ఇంత తాగేవాడు. కల్లయినా, మద్యం ఏదైనా రక్తనాళాలను వదులు చేస్తుంది, మూత్రం ఎక్కువ పోయిస్తుంది, లేచినప్పుడు బిగుసుకోవాల్సిన నరాల పనిని చెడగొడుతుంది. డాక్టరమ్మ తిట్టలేదు. "పెద్దయ్యా, దోస్తుల దగ్గరికి పోండి, కానీ కూర్చొని మాట్లాడి రండి" అన్నారు. చెట్టు కల్లు కాబట్టి మాకు ఆపడం పెద్ద కష్టం కాలేదు. కానీ మహబూబ్‌నగర్ దిక్కున, ఇంకా చాలా చోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారని అందరికీ తెలుసు. అట్లాంటి కల్లుకు ఏండ్ల తరబడి అలవాటు పడ్డోళ్లు ఒక్కసారే మానేస్తే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ దాకా వస్తాయి. ఇంట్లో అట్లాంటివాళ్లు ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పి, వాళ్లు చెప్పినట్టే తగ్గించాలి.

నెల తిరిగేసరికి తేడా తెలిసింది. సోడియం 136కు వచ్చింది. పండుకుంటే 146 ప్రాంతం, నిలబడితే 124, 126. అంకెల తేడా ఇంకా ఉంది, పూర్తిగా పోదని ముందే చెప్పారు. "నంబర్ కోసం కాదు మనం పనిచేసేది, ఆయన చీకట్లు రాకుండా నిలబడాలి, పడకుండా నడవాలి" అన్నారు. ఆ మాట మా అమ్మకు బాగా పట్టింది. ఇవేవీ పనిచేయకపోతే ఫ్లూడ్రోకార్టిసోన్, మిడోడ్రిన్ అనే మందులు ఉన్నాయంట. వాటితో పండుకున్నప్పుడు ప్రెషర్ పెరిగే ఇబ్బంది ఉంది, మిడోడ్రిన్ అయితే పండుకునే నాలుగు గంటల ముందు నుంచి వేయనే కూడదు. ఇప్పటికైతే నాయినకు ఆ అవసరం రాలేదు.

ఇంట్లో ఏం చేయాలో తెలిసినట్టే, ఇంట్లో ఆగకూడని సందర్భాలు కూడా మాకు రాసిచ్చారు, ఫ్రిజ్ మీద అతికించాం. ఛాతీ నొప్పి, ఆయాసం. ఏ చీకట్లూ రాకుండా, కూర్చున్నప్పుడో పండుకున్నప్పుడో ఉన్నట్టుండి సోయి తప్పడం, అది గుండె లయ సంగతి కావచ్చు. మూతి వంకరపోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం. నల్లటి మలం. జ్వరంతో పాటు ప్రెషర్ పడిపోయి మనిషి మత్తుగా ఉండడం. వాంతులు, విరేచనాలు ఆగకపోవడం. పడ్డప్పుడు తలకు దెబ్బ తగలడం. వీటిలో ఏది వచ్చినా సీసా ఎక్కించేవాళ్లను పిలవడం కాదు, 108కి ఫోన్ చేయడమే.

మా ఊరి ఆశా అక్క బీపీ చూడటానికి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఆమెకు నోటు పుస్తకం చూపించి, పండబెట్టి నిలబెట్టి కొలవడం చేసి చూపించింది. అక్క పక్క వీధిలో ఎప్పుడూ కండ్లు తిరుగుతున్నాయనే ఒక ముసలామెకు అట్లా కొలిస్తే ఆమెకూ పై అంకె ముప్పై దాకా పడిందంట. ఆమె కూడా నీటి మందు వాడుతుంది. పీహెచ్‌సీలో డాక్టర్‌కు చూపించమని పంపించారు.

చలికాలంలో చెమట పట్టదు, రక్తనాళాలు ముడుచుకుంటాయి, పండుకున్నప్పటి అంకె కొంచెం పెరిగింది. డాక్టరమ్మ గోళీ మోతాదు ఇప్పుడే మార్చలేదు, పుస్తకం రాస్తూ ఉండమన్నారు. మార్చిలో ఎండలు ముదరకముందే మళ్లీ సోడియం, క్రియాటినిన్ చేయించుకొని రమ్మన్నారు. బత్తాయి కోత పడితే నాయిన ఆగడు కాబట్టి, అంతకుముందే తీసుకుపోవాలి.